తేటగా ఉంటే చాలదు

ఇవాళ ఒక నీటి జీవి గురించి మాట్లాడుకుందాం. ఆ జీవి కన్నా ఎక్కువగా, అది బతికే నీళ్ల గురించి మాట్లాడుకుందాం. దాని పేరు ఆక్సలాటల్. మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే ఈ పేరు మీ చెవిన పడే ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలోకి 2021లో ఇది వచ్చి చేరింది. అప్పటినుంచి పిల్లలకు దీని మీద మహా ఇష్టం. ముందు బొమ్మ కావాలంటారు, తరువాత బ్యాగు మీద దాని బొమ్మ కావాలంటారు. కొన్నాళ్లకు, నిజం ఆక్సలాటల్‌నే తెచ్చుకుందామని పేచీ మొదలుపెడతారు.

దీన్ని చూడనివాళ్ల కోసం చెబుతాను. పెద్దదైతే జానెడుకు కాస్త మించిన పొడవు. పొట్టివి నాలుగు కాళ్లు. పొడవాటి తోక. వెడల్పాటి మొహం. నోరు మూసుకుని ఉన్నా నవ్వుతున్నట్టే ఉంటుంది. తలకు ఒక్కో పక్కన మూడేసి కొమ్మలు, వాటికి సన్నటి కుచ్చులు. అవే దాని మొప్పలు. నీళ్లు కదిలినప్పుడు ఆ కుచ్చులు మెల్లగా ఊగుతాయి. ఎవరికైనా ముద్దొస్తుంది.

ఇది చేప కాదు. కప్పలకు దూరపు చుట్టం, ఉభయచరం. కప్ప పిల్లగా ఉన్నప్పుడు నీళ్లలో మొప్పలతో బతుకుతుంది. పెరిగాక మొప్పలు పోతాయి, గట్టుకు వస్తుంది. ఆక్సలాటల్ అలా చేయదు. పెద్దదై గుడ్లు పెట్టే వయసు వచ్చినా మొప్పలు అలాగే ఉంటాయి. నీళ్లలోనే ఉంటుంది. బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు బతుకుతుంది. ఆ బతుకంతా ఒక గాజు తొట్టిలోని నీళ్లలోనే గడవాలి. అందుకే ఆ నీళ్లు ఎలా ఉన్నాయన్నది దానికి ప్రాణంతో సమానమైన సంగతి.

ఈ ప్రసంగం మొత్తంలో మీకు ఒక్క మాట గుర్తుంటే నాకు అంతే చాలు. తేటగా ఉన్న నీరంతా మంచి నీరు కాదు. మళ్లీ చెబుతున్నాను. తేటగా ఉన్న నీరంతా మంచి నీరు కాదు.

ఎందుకో చూద్దాం.

ఆక్సలాటల్ తింటుంది, విసర్జిస్తుంది. దాని ఒంట్లో తయారయ్యే మలినం చాలావరకు అమోనియా రూపంలో మొప్పల్లోంచీ చర్మంలోంచీ నీళ్లలోకి వచ్చేస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లితే అదీ అమోనియాయే. ఈ అమోనియాకు రంగు లేదు. తొట్టిలో ఉండే మోతాదుకు వాసన కూడా తెలియదు. గాజులోంచి చూస్తే నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి. లోపల ఉన్న జీవికి మాత్రం మొప్పలు మండిపోతుంటాయి.

మనం చూసి "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో" అనుకునే తొట్టిలో ఆ ప్రాణి నరకం అనుభవిస్తూ ఉండొచ్చు. దాని చర్మానికి పొలుసులు లేవు. నీళ్లలో ఏం కలిస్తే అది నేరుగా ఒంట్లోకి చేరుతుంది. తెగిన కాలు మళ్లీ మొలిపించుకునే శక్తి దీనికి ఉందని మీరు వినే ఉంటారు. అది నిజం. కాలే కాదు, తోక, మొప్పలు, గుండెలోనూ మెదడులోనూ కొంత భాగం తిరిగి పెంచుకోగలదు. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు దీన్ని పెంచుతున్నది అందుకే. కానీ ఆ శక్తి అమోనియాకు అడ్డుపడదు. చెడ్డ నీళ్లలో ఉంచితే ఈ జీవి కూడా అందరిలాగే చచ్చిపోతుంది.

మరి ఈ అమోనియాను తీసేసేదెవరు? మనమా? కొంతవరకే. అసలు పని చేసేవి మన కంటికి కనిపించని బాక్టీరియాలు. తొట్టిలోని రాళ్ల మీద, గాజు గోడల మీద, అన్నిటికన్నా ఎక్కువగా ఫిల్టర్ స్పాంజ్‌లో అవి కాపురం ఉంటాయి. ఒక జాతి బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. దాన్ని ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు. మోతాదు మించకుండా ఉంటే జీవి తట్టుకుంటుంది. ఆ మిగిలిన నైట్రేట్‌ను నీళ్లు మార్చి మనం బయటికి పంపాలి.

మూడు మెట్లు గుర్తుపెట్టుకోండి. అమోనియా విషం. నైట్రైట్ విషం. నైట్రేట్ ఫరవాలేదు, కానీ పేరుకోకూడదు. మొదటి రెండూ సున్నాగా ఉండాలి. మూడోది తక్కువగా ఉండాలి.

ఈ సంగతి పుస్తకాల్లో మాత్రమే ఉండేది అనుకోకండి. మన భీమవరం వైపు, కైకలూరు వైపు రొయ్యల చెరువులు సాగుచేసే రైతుకు ఇది రోజువారీ వ్యవహారం. ఆయన నీళ్లు తేటగా కనిపిస్తే సంబరపడడు. పైగా చెరువు నీళ్లు మరీ తేటగా అయిపోతే కంగారు పడతాడు. నీళ్లు తీసుకెళ్లి ల్యాబులో ఇస్తాడు. అమోనియా ఎంత, నైట్రైట్ ఎంత, పీహెచ్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని అడుగుతాడు. ఎకరాల చెరువులో ఆయన చూసుకునే విషయాన్నే గాజు తొట్టి పెట్టుకున్న మనమూ చూసుకోవాలి.

ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగే ఒక సంఘటన చెబుతాను. శ్రద్ధగా వినండి.

ఆదివారం పొద్దున్న. తొట్టి అడుగున కాస్త మడ్డి కనబడింది. గాజుకు లోపల సన్నగా జిగురు పట్టింది. ఇంట్లో అందరూ కలిసి తొట్టి కడగాలని పూనుకుంటారు. ఆక్సలాటల్‌ను ఒక టబ్బులో వేస్తారు. పాత నీళ్లన్నీ పారబోస్తారు. గాజును సబ్బు పెట్టి పీచుతో తోముతారు. ఫిల్టర్ స్పాంజ్ తీసి కుళాయి కింద పెట్టి, నల్లటి నీళ్లు పోయి తెల్లటి నీళ్లు వచ్చేదాకా పిండుతారు. కొత్త నీళ్లు నింపుతారు. తొట్టి తళతళలాడుతుంది. ఇంటిల్లిపాదికీ తృప్తి.

మూడోరోజుకల్లా నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబారతాయి. ఆక్సలాటల్ మేత ముట్టదు. మొప్పలు ముందుకు వంచుకుని ఒక మూల నక్కుతుంది. ఇంత శుభ్రంగా కడిగాం కదా, ఏమైందో అని ఇంట్లోవాళ్లు తల పట్టుకుంటారు.

జరిగిందేమిటంటే, వాళ్లు మురికితో పాటు ఆ బాక్టీరియాలను కూడా కడిగి పారేశారు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. క్రిములను చంపడానికే కలుపుతారు. అది మంచి బాక్టీరియాను, చెడ్డ బాక్టీరియాను వేరుచేసి చూడదు. స్పాంజ్‌లో కాపురం ఉన్నవి పోయాయి. ఇక అమోనియాను మార్చేవాళ్లు లేరు. అది పోగుపడింది. అంత ప్రేమగా చేసిన పనే ఆ జీవి ప్రాణం మీదికి తెచ్చింది.

అందుకే చెబుతున్నాను. తొట్టిని ఒకేసారి మొత్తం కడగకండి. నీళ్లన్నీ ఒకేసారి మార్చకండి. స్పాంజ్‌ను కుళాయి కింద పెట్టకండి. సబ్బు, డిటర్జెంట్, ఫినాయిల్ ఆ తొట్టి దరిదాపులకు రానివ్వకండి. తొట్టి కోసం ఒక బకెట్, ఒక మగ్గు వేరే పెట్టుకోండి. ఇల్లు తుడిచే బకెట్ దానికి వాడకండి.

మరి ఎలా శుభ్రం చేయాలి? రోజూ కొంచెం, వారానికోసారి కొంచెం. ఇదే పద్ధతి. రోజూ కొంచెం, వారానికోసారి కొంచెం.

రోజూ చేయాల్సింది ఐదు నిమిషాల పని. ఆక్సలాటల్ విసర్జించింది అడుగున చిటికెన వేలి కణుపంత గోధుమరంగు ముద్దగా పడి ఉంటుంది. ఆరోజే అయితే ముద్ద గట్టిగా ఉంటుంది. సులువుగా తీసెయ్యొచ్చు. ఒకట్రెండు రోజులు వదిలేస్తే మెత్తబడి, జీవి తోక ఆడించగానే పొడిపొడిగా విడిపోయి తొట్టంతా పరుచుకుంటుంది. అప్పుడిక దాన్ని పట్టుకోలేం. అందుకని రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద డ్రాపర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. బుడ్డిని ముందే బయట నొక్కి పట్టుకుని, మొనను మెల్లగా ముద్ద దగ్గరికి తీసుకెళ్లి, అప్పుడు వేలు సడలించండి. ముద్ద లోపలికి వచ్చేస్తుంది. నీళ్లలో పెట్టాక బుడ్డి నొక్కితే గాలి బుడగలు వచ్చి ముద్ద చెదిరిపోతుంది. జీవి కూడా బెదురుతుంది. తినగా మిగిలిన మేత ముక్కలు కూడా ఆరోజుకారోజే తీసెయ్యండి.

మేత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎందుకంటే తొట్టి శుభ్రత సగం మేత దగ్గరే మొదలవుతుంది. దీనికి వానపాము మంచి ఆహారం. పురుగుమందులు తగలని మట్టిలో పెరిగిందై ఉండాలి. పెద్ద ఆక్సలాటల్‌కు వారానికి రెండు మూడుసార్లు పెడితే చాలు. చిన్నపిల్లకు రోజూ కావాలి. వానపామును మొత్తంగా మింగేస్తుంది కాబట్టి నీళ్లలో చెత్త మిగలదు. చిన్న చిన్న ముక్కలు, పొడిపొడి మేతలు అయితే సగం తింటుంది, సగం చెదిరిపోతుంది. ఆ చెదిరిందే రేపటి అమోనియా. ముద్దొస్తోంది కదా అని పిల్లలు గంటకోసారి మేత వేస్తుంటే వద్దని చెప్పండి.

వారానికోసారి చేయాల్సింది నీళ్లు మార్చడం. మొత్తం కాదు. నాలుగోవంతు. మళ్లీ చెబుతున్నాను, నాలుగోవంతు మాత్రమే. తొట్టి కన్నా కింద బకెట్ పెట్టండి. సైఫన్ పైపు ఒక కొన తొట్టి అడుగుకు ఆనించండి, రెండో కొన బకెట్‌లోకి వదలండి. నీళ్లు దిగుతుండగా పైపు కొనను మడ్డి ఉన్న చోటల్లా మెల్లగా జరుపుతూ పోండి. రాళ్ల సందులు, గుహ వెనక భాగం, ఫిల్టర్ కింద, అక్కడే ఎక్కువ చేరుతుంది. ఆక్సలాటల్‌ను బయటికి తీయనక్కర్లేదు. అది ఒక మూలన ఉంటుంది, మీరు ఇంకో మూల నుంచి మొదలుపెట్టండి. చేతులు ముందు వట్టి నీళ్లతో బాగా కడుక్కోండి. సబ్బు అంటిన చేయి గానీ, లోషన్ రాసుకున్న చేయి గానీ తొట్టిలో పెట్టకండి.

నాలుగోవంతు నీళ్లు బకెట్‌లోకి వచ్చాయా? ఇప్పుడు ఫిల్టర్ స్పాంజ్ సంగతి. దాన్ని వారం వారం ముట్టుకోనక్కర్లేదు. నీళ్లు సరిగా లాగడం లేదనిపించినప్పుడు, అంటే సాధారణంగా నెలకోసారి, బయటికి తీసి ఆ బకెట్‌లో ఉన్న పాత తొట్టి నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండండి. కుళాయి నీళ్లలో కాదు, పాత తొట్టి నీళ్లలో. స్పాంజ్ కొత్తదానిలా అవదు. అవకూడదు కూడా. గోధుమరంగు మరక మిగిలితే మంచిదే. పూడిక పోయింది, కాపురం ఉన్నవి మిగిలాయి.

ఆ బకెట్ నీళ్లు కాలువలో పోయకండి. నైట్రేట్ మొక్కలకు మేత. ఉప్పుగానీ మందుగానీ కలపని తొట్టి నీళ్లయితే మందారానికీ గోంగూరకూ పోయండి.

ఇప్పుడు కొత్త నీళ్లు పోయాలి. ఇక్కడ క్లోరిన్ మళ్లీ అడ్డం వస్తుంది. మున్సిపల్ నీళ్లయితే వెడల్పాటి బకెట్‌లో పట్టి ఒకరోజంతా మూత లేకుండా ఉంచితే చాలావరకు క్లోరిన్ పోతుంది. లేదా అక్వేరియం దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయండి. అమెరికాలో, ఇంకొన్ని దేశాల్లో ఉన్న మనవాళ్లు ఒక సంగతి గమనించాలి. అక్కడ చాలా ఊళ్లలో క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు. ఒకరోజు మూత లేకుండా ఉంచితే అది పోదు. చుక్కలు తప్పనిసరి. కొత్త నీళ్ల చల్లదనం తొట్టి నీళ్ల చల్లదనానికి దగ్గరగా ఉందో లేదో చూసుకుని, మగ్గుతో మెల్లగా పోయండి. బకెట్ ఎత్తి కుమ్మరించకండి.

ఇంతవరకూ బాక్టీరియా అప్పటికే స్థిరపడిన తొట్టి గురించి చెప్పాను. కొత్త తొట్టి అయితే? కొత్త తొట్టిలో ఆ బాక్టీరియాలు ఇంకా ఉండవు. అవి స్థిరపడటానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో తొట్టిలో జీవి ఉండకూడదు. ఖాళీ తొట్టిలో నీళ్లు నింపి, ఫిల్టర్ నడుపుతూ, బాక్టీరియాకు ఆహారంగా కొద్దిగా అమోనియా గానీ చిటికెడు చేపల మేత గానీ వేస్తూ పోవాలి. మీ స్నేహితుల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఉంటే అందులోంచి ఒక స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోండి. పాలలో తోడు వేసినట్టు, ఆ ముక్క కొత్త తొట్టిని తొందరగా దారికి తెస్తుంది.

తొట్టి సిద్ధమైందని ఎలా తెలుస్తుంది? చూస్తే తెలియదు. పరీక్షిస్తేనే తెలుస్తుంది. చుక్కల పరీక్ష కిట్ ఒకటి కొనుక్కోండి. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు గీత దాకా పోసి, సీసాలోని మందు చెప్పినన్ని చుక్కలు వేసి, ఊపి, కాసేపు ఆగాలి. చాలా కిట్లలో అమోనియా లేకపోతే నీళ్లు పసుపుగా ఉండిపోతాయి. ఉంటే ఆకుపచ్చకు తిరుగుతాయి. ఎంత చిక్కటి ఆకుపచ్చ అయితే అంత ఎక్కువ అమోనియా. మీ పిల్లలచేత చేయించండి. అద్దంలా ఉన్న తేటనీళ్లు గొట్టంలో ఆకుపచ్చగా మారడం వాళ్లు కళ్లారా చూస్తే, ఇందాక నేను చెప్పిన మాట వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది. తేటగా ఉన్న నీరంతా మంచి నీరు కాదు.

తొట్టిలో అమోనియా కనబడితే ఏం చేయాలి? భయపడి తొట్టి మొత్తం కడిగెయ్యకండి. ఆక్సలాటల్‌ను ఒక శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బులోకి, క్లోరిన్ తీసేసిన చల్లటి నీళ్లలోకి మార్చండి. ఆ టబ్బులో నీళ్లు మాత్రం రోజూ మొత్తం మార్చాలి. ఇందాక మొత్తం మార్చొద్దన్నారు, ఇప్పుడు మార్చమంటున్నారేమిటి అని మీకు అనిపించొచ్చు. టబ్బులో ఫిల్టర్ లేదు, బాక్టీరియా లేదు. అక్కడ అమోనియాను తీసే పని పూర్తిగా మన చేతిదే. అందుకే రోజూ మొత్తం. తొట్టి కుదుటపడ్డాక జీవిని వెనక్కి తెచ్చుకోవచ్చు.

తొట్టి సైజు గురించి ఒక్క మాట. ఒక్క ఆక్సలాటల్‌కు 75 లీటర్ల నీళ్లు కనీసం. ఇంకా పెద్ద తొట్టి అయితే ఇంకా మంచిది. నీళ్లు ఎక్కువ ఉంటే మలినం పలచబడుతుంది, మన పని తేలికవుతుంది. అడుగున గులకరాళ్లు పరచకండి. దీనికి మేతను నోటితో ఒక్కసారిగా లాక్కునే అలవాటు. మేతతో పాటు గులకరాయి కూడా మింగేస్తుంది, అది కడుపులో ఇరుక్కుంటుంది. పైగా గులకరాళ్ల సందుల్లో మడ్డి దాక్కుని కుళ్లుతుంది. అడుగు ఖాళీగా ఉంచండి. జీవి పెద్దదయ్యాక మెత్తటి సన్నఇసుక వేయొచ్చు. దీనికి కనురెప్పలు లేవు. వెలుతురు ఎక్కువైతే కళ్లు మూసుకోలేదు. తొట్టిని కిటికీకి ఎదురుగా పెట్టకండి. అలా పెడితే జీవికి ఇబ్బంది, గాజుకు పాచి. దాక్కోవడానికి ఒక గుహలాంటిది ఉండాలి. ఫిల్టర్ ధార నెమ్మదిగా ఉండాలి.

మన ఇళ్లలో సీసాలో నీళ్లు పోసి పెంచే మనీప్లాంట్ ఇక్కడ పనికొస్తుంది. తీగను తొట్టి పైన ఉంచి, వేళ్లు మాత్రం నీళ్లలోకి దించండి. నైట్రేట్‌ను పీల్చుకుంటుంది. నీళ్లు మార్చే పని పూర్తిగా తప్పదు గానీ, భారం తగ్గుతుంది.

ఇక అన్నిటికన్నా కష్టమైన విషయం. వేడి.

ఆక్సలాటల్‌కు 16 నుంచి 18 డిగ్రీల చల్లటి నీళ్లు కావాలి. 20 దాటితే ఇబ్బంది మొదలు. 24 దాటితే ప్రాణాపాయం. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మేత తొందరగా కుళ్లుతుంది. అదే అమోనియా వేడి నీళ్లలో ఇంకా ఎక్కువ విషమవుతుంది. అంటే చల్లదనం కూడా శుభ్రతలో భాగమే. ఇప్పుడు మన మే నెల గుర్తుచేసుకోండి. రామగుండం, విజయవాడ, నెల్లూరు. పైట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడి. ఐసు బాటిల్ వేస్తే గంటసేపు చల్లబడి మళ్లీ వేడెక్కుతుంది. ఆ ఎగుడుదిగుడు కూడా దానికి మంచిది కాదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ మిషను ఏడాది పొడుగునా నడవాలి, కరెంటు పోతే దానికి ఇన్వర్టర్ ఉండాలి. అది పెట్టలేని ఇంట్లో ఈ జీవిని పెంచొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. తెచ్చుకోకపోతే పిల్లలు ఒకరోజు ఏడుస్తారు. తెచ్చుకుంటే ఆ ప్రాణి రోజూ బాధపడుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆక్సలాటల్ అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం, ఆ జాబితాలో ఉన్న విదేశీ జీవులను ఇంట్లో ఉంచుకునేవారు ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేసుకోవాలి. కాగితాలు లేకుండా అమ్మేవారి దగ్గర కొనకండి. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగు కుటుంబాలకు మరో మాట. అక్కడ దీన్ని ఇంట్లో పెంచడమే నిషిద్ధం. తప్పించుకుని స్థానిక జలాల్లో చేరితే అక్కడి జీవులకు ముప్పని ఆ నియమం పెట్టారు.

అసలు ఈ జీవిది ఏ ఊరు? మెక్సికో నగరం దక్షిణ భాగంలో సోచిమిల్కో అనే చోటు ఉంది. ఒకప్పుడు పెద్ద సరస్సు, ఇప్పుడు కాలువలు మిగిలాయి. సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైన ఉంటుంది. అందుకే అక్కడి నీళ్లు చల్లన. ఈ జీవికి చల్లదనం కావలసింది అందుకే. అక్కడి రైతులు వందల ఏళ్ల కిందటే లోతు తక్కువ నీళ్లలో మట్టి, మొక్కలు పేర్చి దిబ్బలు కట్టారు. వాటిని చినాంపాలంటారు. కాలువల అడుగున చేరిన ఒండ్రును తోడి ఆ దిబ్బల మీద వేసి పంటలు పండించారు. పొలానికి ఎరువు దొరికేది, కాలువ పూడిపోకుండా ఉండేది. మనిషి రోజూ కొంచెం కొంచెం చేసిన ఆ పనితోనే ఆ నీళ్లు బాగున్నాయి, ఆక్సలాటల్ బతికింది.

తరువాత ఆ సరస్సును నింపే ఊటల నీళ్లను గొట్టాలతో నగరానికి మళ్లించారు. వాటి స్థానంలో శుద్ధిచేసిన మురుగునీళ్లు వదిలారు. ప్రజలకు ఆహారమవుతాయని గండుచేపలు, తిలాపియా తెచ్చి వేశారు. అవి ఆక్సలాటల్ గుడ్లను, పిల్లలను తినేశాయి. 1998లో చదరపు కిలోమీటరుకు ఆరువేల దాకా ఉన్న ఆక్సలాటళ్లు 2014 లెక్కకు 36కు పడిపోయాయి. ఆరువేల నుంచి 36. మెక్సికో 2021లో తెచ్చిన 50 పెసోల నోటు మీద దాని బొమ్మ ఉంది. కాలువలో మాత్రం కంటపడటం గగనమైపోయింది.

మనం ఇళ్లలో చూసేవి ఆ కాలువల్లో పట్టినవి కావు. 1864లో పారిస్‌కు 34 ఆక్సలాటళ్లు చేరాయి. అక్కడి నుంచి ప్రయోగశాలల్లో, ఇళ్లలో తరతరాలుగా పెరిగినవే ఇవాళ ప్రపంచమంతా ఉన్నవాటిలో చాలావరకు. తొట్టెల్లో అవి లెక్కలేనన్ని. సొంత ఊళ్లో మాత్రం కొద్ది. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, లూయిస్ సాంబ్రానో బృందం, చినాంపా రైతులతో కలిసి ఇప్పుడు ఒక పని చేస్తున్నారు. కొన్ని కాలువల మొదట్లో, చివర్లో మొక్కలతో వడపోతలు కట్టి, పరాయి చేపలు రాకుండా, నీళ్లు శుభ్రంగా లోపలికి వచ్చేలా చేస్తున్నారు. పెంచిన 18 ఆక్సలాటళ్లను బయటి నీళ్లలో వదిలి చూశారు. అవి బతికాయి, వేటాడి తిన్నాయి, తిరిగి పట్టుకున్నవాటిలో బరువు కూడా పెరిగింది. ఆ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. వాళ్లు కూడా ముందు నీళ్లనే బాగుచేశారు. జీవిని తరువాతే వదిలారు.

ఇది నిపుణులు అన్నీ చూసి, సొంత ప్రాంతంలో చేసిన పని. మన దగ్గర ఎవరైనా పెంచలేక ఆక్సలాటల్‌ను చెరువులో వదిలితే మాత్రం అది మహాపాపం. మన వేడికి అది చస్తుంది. చచ్చేలోపు దాని ఒంట్లోని రోగం మన కప్పలకు అంటవచ్చు. పెంచలేకపోతే, పెంచడం తెలిసినవారికి చట్టప్రకారం అప్పగించండి.

చివరగా, మీ ఇంట్లో ఇప్పటికే ఆక్సలాటల్ ఉంటే, రోజూ ఒక్క నిమిషం దాన్ని గమనించండి. అది మాట్లాడలేదు, కానీ చెబుతుంది. మొప్పలు ముందుకు వంగి ఉంటే నీళ్లలో ఏదో బాగాలేదు, లేదా ధార ఎక్కువగా ఉంది. తోక చివర కొక్కెంలా ముడుచుకుంటే అది ఒత్తిడిలో ఉంది. మొప్పల మీద తెల్లటి దూదిలాంటిది కనబడితే బూజు పట్టింది. మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగుతుంటే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు. వీటిలో ఏది కనబడినా ముందు మందుల సీసా వెతక్కండి. ముందు నీళ్లు పరీక్షించండి, వేడి ఎంతుందో చూడండి. చాలా జబ్బులకు మూలం నీళ్లలోనే దొరుకుతుంది. నీళ్లు సరిగా ఉండీ తగ్గకపోతే పశువైద్యుణ్ని కలవండి.

ఇంతసేపు చెప్పింది నాలుగు ముక్కల్లో మళ్లీ చెబుతాను. తేటగా ఉన్న నీరంతా మంచి నీరు కాదు, పరీక్షించి తెలుసుకోండి. తొట్టిని ఒకేసారి మొత్తం కడగకండి, రోజూ మలినం తీయండి, వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మార్చండి. స్పాంజ్‌ను పాత తొట్టి నీళ్లలోనే పిండండి. నీళ్లను ఏడాదంతా చల్లగా ఉంచగలిగితేనే ఈ జీవిని ఇంటికి తెచ్చుకోండి.

మీ పిల్లలు ఆక్సలాటల్ కావాలని అడుగుతున్నారా? కాదనకండి, వెంటనే అవునని కూడా అనకండి. అది చట్టప్రకారం పెంచగల చోటే మీరు ఉంటే, ముందు తొట్టి పెట్టించండి. రెండు నెలలు ఖాళీ నీళ్లను సాకమనండి. వారం వారం పరీక్ష చేయించి, అంకెలు నోటుపుస్తకంలో రాయించండి. ఆ రెండు నెలలు విసుగు లేకుండా నీళ్లను చూసుకున్న పిల్లవాడి చేతిలో, ఆ తరువాత వచ్చే ప్రాణి భద్రంగా ఉంటుంది. ముందు నీళ్లు, తరువాతే జీవి. మరిచిపోకండి.